చీమ వేషం

సంచిలో ముందు చీర పెట్టాలా, రొట్టెలు పెట్టాలా అని బక్కమ్మ చాలాసేపు ఆలోచించింది. ఊరందరి బట్టలు మడిచే చేతులు సొంత బిడ్డ చీర దగ్గరికి వచ్చేసరికి మూడుసార్లు తప్పు మడతలు పెట్టాయి. ఒక నీలం చీర, రెండు రవికెలు, కప్పుకోవడానికి ఒక దుప్పటి. వాటి మీద గుడ్డలో చుట్టిన నాలుగు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, ఎర్రకారం. మూడు రోజులకు అంతకన్నా ఏం కావాలి? అయినా చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. ఎవరు ఎక్కడికి బయలుదేరినా బక్కమ్మకు దిగులే. పక్క ఊరి అంగడికి పోయే మొగుణ్ణి కూడా కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడే మనిషి.

జానమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. పదిహేడేళ్ల పిల్ల. కాలి బొటనవేలు నేల మీద తాళం వేస్తోంది.

"ఆ పాట బంద్ చెయ్," అన్నాడు ఐలేశం గడపలోంచి.

"నేనేం పాడుతలేను గద నాయినా."

"కాలు పాడుతాంది."

వాకిట్లో గొంతుక్కూర్చున్న పర్వతాలు ఇకిలించాడు. అతను ఊరి సుంకరి. పటేలు చెప్పిన కబురు మోయడం అతని పని. "పొద్దెక్కుతాంది బక్కమ్మా. పిల్ల ఊరు దాటింది కండ్లార చూసి రమ్మన్నడు పటేలు. నన్ను తిట్టు తినెటట్టు చెయ్యకు."

"ఏం తప్పు చేసిందని ఊరు దాటాలే అన్నా?"

పర్వతాలు తల గోక్కున్నాడు. "తప్పేముంది. చీమ వేషం మంచిగ కట్టింది. గదే తప్పు."

ఆ మాటకు జానమ్మ నవ్వింది. ఐలేశం నవ్వలేదు. బక్కమ్మ సంచి మూతి తాడుతో బిగించింది.

నలభై రోజులుగా ఊళ్లో భాగోతం నేర్పుతున్నారు. కల్వకుర్తి దిక్కు నుంచి మారయ్య అనే గురువును పిలిపించారు. రోజుకో ఇంట్లో ఆయనకు అన్నం. ఆయన పురాణ కథలు నేర్పుతూనే, పిల్లల కోసమని, అందరికీ తెలిసిన ఏడు చేపల కథకు నవ్వులాటగా పాటలు కట్టాడు. రాజు కొడుకులు ఏడు చేపలు పట్టి ఎండబెడితే ఒక చేప ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది చేప. ఆవు మెయ్యలేదంటుంది గడ్డిమోపు. జీతగాడు విప్పలేదంటుంది ఆవు. అవ్వ బువ్వ పెట్టలేదంటాడు జీతగాడు. పిల్ల ఏడ్చిందంటుంది అవ్వ. చీమ కుట్టిందంటుంది పిల్ల. ఒక్కొక్కరూ తప్పు మరొకరి మీదికి తోసి, ఒక పాట పాడి, ఎగురుకుంటూ పోతారు. చివరికి అందరూ చీమ మీద పడతారు. చీమ ఒక్కతే తోసెయ్యదు. కుట్టిన, అంటుంది.

గడ్డిమోపు వేషానికి గొల్ల గుర్వయ్య దొరికాడు. ఒళ్లంతా వరిగడ్డి కట్టుకొని దురదకు ఎగిరితే అదే ఆట అయ్యేది. చీమకు మాత్రం ఎవరూ దొరకలేదు. మగవాళ్లు సన్నగొంతు పెట్టి పాడితే పిల్లి మీద కాలు వేసినట్టుండేది. తెరకు దుప్పటి ఇవ్వడానికి వచ్చిన జానమ్మ ఒకనాడు గోడ పక్కన నిలబడి, "గట్ల కాదు," అని పాడి చూపించింది. మారయ్య చేతిలో తాళాలు ఆపాడు. "ఇగ నువ్వే దిగు బిడ్డా," అన్నాడు.

మొన్న బుధవారం పటేలు ఆట చూడడానికి వచ్చాడు. పోలీసు యాక్షన్ తర్వాత పటేలు గొంతు తగ్గింది గానీ కుర్చీ ఎత్తు తగ్గలేదు. ఆ కుర్చీ రాజు వేషానికి పక్కనే వేశారు. చీమ వేలు చూపి రాజును అడగాలి:

*గింజ వెంట గింజ మోసి ఇల్లు కట్టుకుంటి*
*నా ఇంట్ల ఏలు పెట్ట నువ్వెవరివంటి*

వేలు రాజు వైపే చూపింది జానమ్మ. రాజు వెనక పటేలు ఉన్నాడు. చూస్తున్నవాళ్లు పడీ పడీ నవ్వారు. పటేలు మీసం మీద చెయ్యి అట్లాగే ఉండిపోయింది. తెల్లారి కబురు వచ్చింది. చీమ వేషం పటేలు బామ్మర్ది సత్తిరెడ్డి కడతాడు. ఆట అయిపోయేదాకా చాకలి పిల్ల ఊళ్లో కనపడొద్దు. గురువు తల వంచుకున్నాడని, ఏమీ అనలేదని పర్వతాలే చెప్పాడు.

"భువనగిరిల మా చెల్లె కృష్ణమ్మ ఇంట్ల ఉంటది," అంది బక్కమ్మ సంచి భుజానికి తగిలించుకొని. "నేనే రైలెక్కిచ్చొస్త. పోయి చెప్పు నీ పటేలుకు."

రైలు టేషనున్న ఆలేరు నాలుగు మైళ్లు. తల్లీబిడ్డా చేల గట్ల మీద నడిచారు. జొన్నలు కోసేశారు. మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటున్నాయి. బక్కమ్మ దారి పొడుగునా జాగ్రత్తలు చెప్పింది. రైలు ఆగినంకనే దిగు. చిన్నమ్మ ఇంట్లో తిన్న పళ్లెం కడుగు. బావి దగ్గర ఎవరితో మాట్లాడకు. జానమ్మ ఊ కొట్టింది. చాలాసేపటికి ఒక మాట అడిగింది.

"అమ్మా, నేను పాడింది బాగలేదా?"

అంత బాగా ఎందుకు పాడావని అడగాలనిపించింది బక్కమ్మకు.

రైలుకు ఇంకా పొద్దుంది. టేషన్ బజారులో చోటే మియా దుకాణం ముందు ఆగారు. చోటే మియా దర్జీ. ఎక్కడ భాగోతమైనా హార్మోనియం ఆయనదే. మిషను మీద నల్లగుడ్డ ఏదో కుడుతున్నవాడు జానమ్మను చూసి కాలు ఆపాడు.

"వచ్చినవా చీమమ్మా! జర చూస్కో. నీ కొలతనే. ఆరు కాళ్లు. నాలుగిట్ల దూది కూరిన. రెండు నీవి."

చేతుల పక్క నుంచి ఇంకో నాలుగు కాళ్లు వేలాడుతున్నాయి. తల మీద రెండు మీసాలు, ఈతపుల్లలకు నల్ల దారం చుట్టినవి. కదిలిస్తే ఊగుతున్నాయి.

"ఆ వేషం నాది కాదిప్పుడు మామా," అంది జానమ్మ.

"తెలుసు. సత్తిరెడ్డి పొద్దున్నే వచ్చిపోయిండు. ఈ కాళ్లు గిట్ల నాకొద్దు, నేను ఉత్త చీమను కాను, చీమల రాజునంటడు. కిరీటం కావాల్నట, కత్తి కావాల్నట." చోటే మియా నోట్లోని సూది తీసి చొక్కాకు గుచ్చాడు. "చీమకు కత్తెందుకుర నాయినా అంటే, మా బావ పరువంటడు. ఇది ఇంక ఎవరికీ రాదు. విప్పి జేబులు కుట్టుకోవాలె."

జానమ్మ ఆ నల్లగుడ్డ మీద చెయ్యి వేసింది. వేసి, దూది కాలొకటి పట్టుకొని నిమిరింది. చిన్నప్పుడు మేకపిల్ల చనిపోతే ఇట్లాగే దాని కాలు పట్టుకొని కూర్చుంది. ఏడవలేదు. అప్పుడూ ఏడవలేదు.

దూరంగా రైలు కూత వినిపించింది.

"పా అమ్మా," అంది జానమ్మ.

బక్కమ్మ కదలలేదు. పటేలు ఇంటి ముందు ఐలేశం తలపాగా తీసి నిలబడ్డట్టు, తమ గాడిదను ఎవరో తోలుకుపోతున్నట్టు, బట్టలు ఉడికే బాన పగిలినట్టు ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందుకు వచ్చాయి. అన్నీ చూసింది. చూసి, భుజం మీది సంచి తీసి దుకాణం అరుగు మీద పెట్టింది.

"చోటే బాయ్, మీ అమ్మను అడిగి చెప్పు. పిల్ల ఆదివారం దాక మీ ఇంట్ల ఉంటదంటె ఏమన్న అంటదా?"

"మా అమ్మ షరీఫున్నీసా బేగమా? కోడి కోస్తది." ఆయన కళ్లు చిన్నవి చేసి చూశాడు. "తర్వాత?"

"ఆదివారం హార్మోనియం పెట్టె పట్టుకొని బండ్లె వస్తవు గద. పిల్లను గూడ తీసుకరా."

"తీసుకొచ్చి ఏం చేస్తవ్ అక్కా? వేషం ఆయన కడతడు. కుర్చీల ఆయన బావ కూసుంటడు."

"ఏం చేస్తనో నాకు ఎర్క లేదు," అంది బక్కమ్మ. "నువ్వయితే తీసుకరా. ఆ కాళ్లు మాత్రం విప్పకు."

రైలు వచ్చి, నిలబడి, పోయింది.

ఇంటికి వచ్చేసరికి ఐలేశం బాన కింద మంట పెడుతున్నాడు. ఆదివారం ఆటకు తెరలు, పందిట్లో కట్టే చీరలు అన్నీ చాకలి ఇంటి నుంచే పోవాలి. ఊరు ఎప్పటి నుంచో నడుస్తున్న తీరు అది. ఇంటికొక మంచి చీర తీసుకుంటారు. తెర దుప్పటి పటేలు ఇంటిది. ఎర్ర అంచు, ఇద్దరు మనుషులంత వెడల్పు.

"ఎక్కిచ్చినవా?"

"రైలు పోయింది," అంది బక్కమ్మ.

అది అబద్ధం కాదు. ఐలేశం ఇంకేం అడగలేదు. సౌడుమన్ను కలిపిన నీళ్లలో ఎర్ర అంచు దుప్పటిని ముంచి, బండ మీద కొడుతుంటే, ఎప్పుడూ లేనిది, ఒక్కొక్క దెబ్బకూ ఊపిరి బిగబట్టాడు. వెనక నుంచి బక్కమ్మ అతని వీపు చూసింది. బిడ్డ పాడుతుంటే గోడ వెనక చాటుగా నిలబడి విన్నది ఈ మనిషే. నవ్వు ఆపుకోలేక తలపాగా కొస నోట్లో కుక్కుకున్నదీ ఈ మనిషే. చూశానని ఆమె ఏనాడూ చెప్పలేదు.

ఆదివారం అంగడి. చుట్టుపక్కల ఊళ్ల జనం గొర్లతో, మేకలతో, మిరపకాయల మూటలతో వచ్చి, అమ్మకాలు అయ్యాక ఆట దగ్గర కూలబడ్డారు. పిల్లల ఆట కాబట్టి ఎండ వాలగానే మొదలు. చావడి ముందు పందిరి. నడుమ కుర్చీలో పటేలు. ఒక పక్క హార్మోనియంతో చోటే మియా. ఆయన వెనక, ఆడవాళ్ల కొసన, నల్ల బురఖాలో ఎవరో కూర్చున్నారు. అడిగినవాళ్లకు, "మా చెల్లె అమీనా. ఆట చూడాల్నని ఒకటే పోరు," అన్నాడు.

తెర పట్టేది చాకలివాళ్లు. ఒక కొస ఐలేశం, ఒక కొస బక్కమ్మ. ప్రతి వేషమూ ముందు తెర వెనక నిలబడాలి. కింద గజ్జెల కాళ్లు మాత్రమే కనపడాలి. లోపల నుంచే పాట ఎత్తుకోవాలి. గురువు, "తెర వెనక ఉన్నది ఎవరు?" అని అడగాలి. వేషం జవాబు చెప్పాలి. అప్పుడు తెర దించుతారు. తెర దించకముందు వేషం పక్క నుంచి తొంగి చూడొద్దు, బయటికి అడుగు పెట్టొద్దు. పెట్టినవాడు ఇక జన్మలో గజ్జె కట్టగూడదు. మొదటినాడే గజ్జెలకు దండం పెట్టించి గురువు ఈ ఒట్టు వేయిస్తాడు. పటేలు అన్నీ ఆలోచించాడు గానీ తెర సంగతి ఆలోచించలేదు. తెరకు చేతులుంటాయని, ఆ చేతులు మనుషులవని ఆ ఊళ్లో ఎవరు ఎప్పుడు ఆలోచించారు?

రాజు వచ్చాడు. చేపలు వచ్చాయి. గడ్డిమోపు గుర్వయ్య గోక్కుంటూ వస్తే ముసలమ్మలు కూడా కళ్లు తుడుచుకున్నారు. ప్రతిసారీ దుప్పటి లేచింది, దిగింది. బక్కమ్మ చేతులు తిమ్మిరెక్కాయి. అవ్వ వేషం పోయింది. పిల్ల వేషం పోయింది. దుప్పటి మళ్లీ లేచింది.

వెనక సత్తిరెడ్డి వచ్చి నిలబడ్డాడు. తెర పైనుంచి కిరీటం మెరుస్తూ కనపడింది. కింద కొత్త చెప్పులు. కత్తి ఒరకు తగిలి ఠంగుమంది. గొంతు సవరించుకొని పాట ఎత్తుకున్నాడు. మేకపోతు గొంతు. చోటే మియా వేళ్లు ఎంత వెంటబడినా ఆ పాట అందలేదు. జనంలో ఎవరో, "చీమకు జలుబైంది!" అన్నారు.

"తెర వెనక ఉన్నది ఎవరు?" అన్నాడు మారయ్య. తల ఎత్తకుండానే.

"చీమల రాజును!"

ఐలేశం తన కొస దించాడు. అటువైపు కిరీటం కింద సత్తిరెడ్డి ఒక కన్ను, సగం మీసం బయటపడ్డాయి. ఇటువైపు దుప్పటి దిగలేదు.

"దించవే," అన్నాడు ఐలేశం పళ్ల మధ్య నుంచి.

బక్కమ్మ ఎదురుగా చూస్తోంది. దుప్పటి కొసను చేతులు ఇంకా గట్టిగా పట్టాయి.

"ఓ జానమ్మ తల్లీ, దించవే. పటేలు చూస్తాండు."

"చూడనియ్."

"మనల్ని బతుకనియ్యడే."

"ఇన్నేండ్లు ఆయన బతుకనిస్తెనే బతికినమా?"

ఐలేశం ఆమెను చూశాడు. జనాన్ని చూశాడు. అతని చూపు చోటే మియా వెనక బురఖా దగ్గర ఆగింది. బురఖా కింద నుంచి ఒక పాదం కనపడుతోంది. బొటనవేలు తాళం వేస్తోంది.

అతను దించిన కొసను మెల్లగా, తడిబట్టను తాడు మీదికి ఎత్తినట్టు, మళ్లీ పైకి లేపాడు. ఆమె పట్టినదానికన్నా జానెడు పైకే లేపాడు. సత్తిరెడ్డి కన్ను, మీసం, కిరీటం అన్నీ మాయమయ్యాయి.

జనం గొల్లున నవ్వారు. ఇది కూడా ఆటలోదే అనుకున్నారు.

"దించుండ్రీ!" అని లోపల నుంచి కేక. కొత్త చెప్పులు అటు రెండు అడుగులు, ఇటు రెండు అడుగులు వేశాయి. తెర అంచు దాటలేదు. ఎంత పటేలు బామ్మర్దయినా గజ్జెల మీద ఒట్టు వేసినవాడే. చోటే మియా అదే దరువు మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ ఎత్తుకున్నాడు. పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు.

పటేలు కుర్చీలోంచి లేచాడు. "ఏయ్ ఐలేశం! ఏంద్రా అది?"

బక్కమ్మే పలికింది. గట్టిగా అందామనుకుంది గానీ గొంతు సన్నగానే వచ్చింది. అయినా అందరికీ వినపడింది.

"దుప్పటి నీది పటేలా. పట్టిన చేతులు మావి. ఏ వేషానికి దించాల్నో గురువు చెప్పాలె. నువ్వు గాదు."

చప్పట్లు ఆగిపోయాయి. జనం తలలన్నీ మారయ్య వైపు తిరిగాయి. నలభై రోజులు ఊరి అన్నం తిన్న మనిషి. ఆఖరి వారం పటేలు ఇంట్లోనే తిన్నాడు. చేతిలోని తాళాలను చూసుకుంటూ నిలబడ్డాడు. బక్కమ్మ ఆయన పెదవులకేసి చూసింది. ఇతను గనుక దించమంటే దించాల్సిందే. ఆ తర్వాత ఆ ఊళ్లో తన బిడ్డ తల ఎత్తేది లేదు.

మారయ్య తల ఎత్తాడు. తెరకు ఎదురుగా వచ్చి, ఆటలో అడిగే రాగంతోనే మళ్లీ అడిగాడు.

"తెర వెనక ఉన్నది ఎవరు?"

"చెప్పిన గద! చీమల రాజును!"

"నా కథల చీమలకు రాజు లేడు నాయినా," అన్నాడు మారయ్య. "దారి తప్పి వచ్చినట్టున్నవు. ఎనకకు పో."

అంగడి అంగడంతా విరగబడి నవ్వింది. గొర్ల కాపరులు కర్రలు నేలకు కొట్టారు. తెర కింద కొత్త చెప్పులు కాసేపు నిలబడ్డాయి. తర్వాత వెనక్కి తిరిగి, చావడి గోడ పక్కగా వెళ్లిపోయాయి. ఇంతలో చోటే మియా చెల్లెలు లేచి, ఆడవాళ్ల మధ్య నుంచి తెర వెనకకు నడిచింది. ఒక నల్ల బురఖా ఎగిరి హార్మోనియం పక్కన పడింది. తెర కింద ఇప్పుడు ఉత్త కాళ్లు. గజ్జెలు కట్టుకోవడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపూ జనం కిక్కురుమనలేదు.

"తెర వెనక ఉన్నది ఎవరు?"

"చీమను."

ఈసారి రెండు కొసలూ ఒక్కసారే దిగాయి.

ఆరు కాళ్లు, ఊగే మీసాలు. జానమ్మ పాడింది. రాజు అడిగాడు, చేప అడిగింది, గడ్డిమోపు దురదతోనే అడిగింది. "కుట్టిన. మళ్ల ఏలు పెడితే మళ్ల కుడుత," అంది చీమ. వేలు చాపి పాట ఎత్తుకుంది. అప్పటికి పటేలు లేచి పోయాడు. రాజు వెనక ఖాళీ కుర్చీ ఉంది. ఆమె వేలు అటే చూపింది. జనం ఆ చరణాన్ని మూడుసార్లు పాడించుకున్నారు. నాలుగోసారి వాళ్లే పాడారు.

తెల్లారి పటేలు ఇంటి నుంచి బట్టలు రాలేదు. ఇంకో ఆరిళ్ల నుంచి కూడా రాలేదు. గొల్లవాడలోనూ, మాదిగవాడలోనూ మాత్రం ఉతికినవీ ఉతకనివీ చూసుకోకుండా మూటలు కట్టి ఇచ్చారు. గుర్వయ్య తల్లి అయితే కట్టుకున్న చీర తప్ప అన్నీ ఇచ్చింది. ఐలేశం బాన దగ్గర కూర్చొని కట్టెలు ఎగదోస్తున్నాడు.

"భయమైతాందా?" అంది బక్కమ్మ.

"అయితాంది. నీకు?"

"నాకెప్పుడు కాలేదు గనుక?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే గురువు భార్య లక్ష్మీనర్సమ్మ వచ్చి వాకిట్లో కూర్చుంది. ఆట ముగిసినాక గురువు దంపతులను కూర్చోబెట్టి బట్టలు పెట్టడం రివాజు. దానికోసం వచ్చిన మనిషి. ఆమె కూడా వేషం కట్టేదే. మొగుడితో కలిసి అచ్చంపేట దిక్కు జాతరల్లో మేళం నడుపుతుంది.

"పిల్లను నాకియ్యి బక్కమ్మా. నా బిడ్డ లెక్క చూసుకుంట. ఈ గొంతును ఈడ బట్టల మూటల్ల పెట్టకు."

బక్కమ్మ ఒద్దు అందామనుకుంది. నోట్లోకి వచ్చింది కూడా. జానమ్మ ముఖం చూసింది. ఆ ముఖంలో బతిమాలడం లేదు. పటేలు తరిమితే పోయే పిల్ల ముఖం కాదు అది. తనకై తాను పోదామనుకున్న మనిషి ముఖం.

"ఎప్పుడొస్తవ్?" అంది బక్కమ్మ.

"ఉగాదికొస్త అమ్మా."

"ఉగాది నెలనే ఉంది."

"అయితె నెలకే వస్త."

మూడో రోజు ఊరి నడిబజారు గుండా, పటేలు ఇంటి ముందు నుంచే, తల మీద కొంగు లేకుండా జానమ్మ నడిచింది. పక్కన లక్ష్మీనర్సమ్మ, ముందు మారయ్య. సుంకరి పర్వతాలు ఎవరూ చెప్పకుండానే ఊరి చివరిదాకా వెంట పోయాడు. ఐలేశం తలపాగా తీయకుండా పటేలు వాకిలి దాటాడు. బక్కమ్మ చేల గట్టు మీద నిలబడి, అందరూ వెనక్కి తిరిగాక కూడా, పొద్దు గూకేదాకా నిలబడింది.

ఆ తర్వాత ఊళ్లో ఎన్నో ఆటలు జరిగాయి. తెర పట్టమని పటేలు ఇంటి నుంచి రెండుసార్లు కబురు వచ్చింది. రెండుసార్లూ బక్కమ్మ, "గురువు పిలిస్తె వస్త," అంది. పటేలు పిలిచిన ఆటకు ఆమె ఎన్నడూ పోలేదు. బిడ్డను ఎందుకు పంపావని అడిగినవాళ్లకు, "పాడనీకె," అని చెప్పింది. ఇంకో మాట కలపలేదు.

జానమ్మ పోయింది పంతొమ్మిది వందల యాభై తొమ్మిది, మార్చి పదకొండు, బుధవారం నాడు. ఆ ఉగాదికి రాలేదు. మేళంతో జాతర వెంట జాతర తిరుగుతూ, ఆ తర్వాత కూడా రాలేదు.